దొరసాని ఇసుక తొట్టి

కామారెడ్డి,
6 నవంబర్ 2024

అన్నకు,

నీ చెల్లె గంగామణి దండం పెట్టి రాస్తున్నాను. కోపంగా ఉన్నాను కాబట్టి క్షేమ సమాచారాలు చివర్లో.

నిన్న పొద్దున లేచి చాయ్ పెట్టి, నీకు ఇష్టమని సర్వపిండి కాల్చి ముందర గదిలోకి వస్తే మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. నీ సంచీ లేదు, నీ చెప్పులు లేవు, నీ రెండు కుక్కలు లేవు. ఎదురింటి వంశీని అడిగితే, "సిద్దిరాములు మామ పొద్దుగాల్నే కుక్కలను ట్రాలీ ఆటోల ఎక్కిచ్చుకొని పాయె గద అత్తా, నీకు జెప్పలేదా?" అని ఎదురు నన్నే అడిగాడు. గల్లీ అంతా చూసింది, నేనొక్కదాన్నే చూడలేదు. కంటి డాక్టర్‌కు చూపించుకుందామని పిలిస్తే వచ్చినవాడివి, మూడో రోజున దొంగలాగా వెళ్ళిపోతావా?

ఫోన్ చేస్తే "ఆఁ, సరే, సరే" అని పెట్టేశావు. గట్టిగా అరిస్తే నీకు సగమైనా వినబడుతుంది, కానీ ఆ సగం ఏదో నాకు తెలియదు. అందుకని కాగితం పట్టుకున్నాను. అంగన్‌వాడీ టీచర్‌గా ఇన్నేళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి, అన్నను తిట్టడానికి పనికి రాకుండా పోతుందా.

మొన్న సాయంత్రం సంగతి నువ్వు మనసులో పెట్టుకున్నావు. నేను అరిచింది నీ మీద కాదు, కుక్కల మీద. నీ కాలర్‌గాడూ, ఆ గుండీ కలిసి మెట్ల కింద దొరసాని తొట్టిలో తలలు పెట్టి... రాయడానికి కూడా నాకు రోతగా ఉంది. పిల్లి వేసిన పెంటను ఇష్టంగా తినే కుక్కలను నేను ఎక్కడా చూడలేదు. ఆ మూతితోనే గుండీ వచ్చి నా చీర కుచ్చిళ్ళు నాకింది. అరవక ఏం చేయను?

నా పిల్లి సంగతి నువ్వు చూశావు. ట్రాలీ కింద పడి వెనక కాలు పోయినప్పటి నుంచి గోడ దూకలేదు, బయటికి పోలేదు. దాని కోసమే మెట్ల కింద నీలం టబ్బు పెట్టి, జల్లెడ పట్టిన ఇసుక పోసి, పొద్దునా సాయంత్రం పాత గరిటెతో తీసి శుభ్రం చేస్తాను. దొరసాని అని ఊరికే పేరు పెట్టలేదు. తొట్టిలో ఇంకెవరి మూతి వాసన వచ్చినా అందులో కాలు పెట్టదు. నేరుగా పోయి నా బియ్యం బస్తా మీద కూర్చుంటుంది. నువ్వు పోయిన రోజు అదే జరిగింది.

ఇప్పుడు అసలు మాట. నీ ఎడమ కంట్లో మోతిబిందు పొర ముదిరిపోయిందనీ, కుడి కంట్లో కూడా మొదలైందనీ, ఇంకా నాన్చితే లోపల ఒత్తిడి పెరిగి ఉన్న చూపు పోతుందనీ డాక్టర్ చెప్పాడు. నేను కాగితం మీద రాసి చూపిస్తే నువ్వు చదివి తల ఊపావు. డిసెంబర్ ఇరవైన ఆపరేషన్ చేస్తానన్నాడు. తర్వాత నెల రోజులు వేళకు చుక్కలు వేసే మనిషి ఉండాలన్నాడు. ఆ మనిషిని నేనే. రా. ఆ రెండు కుక్కలను మాత్రం నీ టైలర్ షాపు పక్కన భీమేష్ హోటల్లో వదిలిపెట్టి రా.

నేను బాగున్నాను. సర్వపిండి పారేయలేదు, అన్నీ నేనే తిన్నాను.

నీ చెల్లె,
గంగామణి

ఎల్లారెడ్డి,
12 నవంబర్ 2024

చెల్లె గంగామణికి,

అన్న సిద్దిరాములు దీవెనలు. ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, కాలర్, గుండీ, కుట్టు మిషన్.

నా కుక్కలు నీ ఇంట్లో చేసిన పనికి నాకు తల తీసేసినట్టయింది. ఇక్కడ అవి అట్లాంటివి చేయవు. ఇక్కడ పిల్లి లేదనుకో. కాలర్‌ను బాగా తిట్టాను. గుండీని తిట్టలేదు, తిడితే మిషన్ కిందికి దూరి అన్నానికి కూడా రాదు.

కుక్కల మీదనే అరిచానని రాశావు. సరే. కానీ నువ్వు చెయ్యి చాపి తలుపు చూపించావు. తలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను. నీ ముఖం చూశాను. బాపు పోయిన ఏడు పొలం పంచాయితీలో చిన్నాయన మీదికి లేచినప్పటి ముఖం అది. నా ముందర నువ్వు అంత కోపం ఎప్పుడూ చేయలేదు. చెల్లె ఇంటికి అన్న పోతే ఒక పూట ఉండాలి, పెట్టింది తినాలి, రావాలి. కుక్కలను వెంటేసుకొని నెలల తరబడి పడి ఉండడం మర్యాద కాదు. వచ్చిందే తప్పు, అది నాదే.

కళ్ళ గురించి రంది పెట్టుకోకు. కుడి కన్ను బాగానే ఉంది. పెళ్ళిళ్ళ సీజన్, చేతినిండా పని. మొన్న ఒకాయన నల్ల ప్యాంటు తెచ్చి నా ముందర తిరగేసి, కుట్టు మీద వేలు పెట్టి చూపించాడు. చూస్తే నీలం దారం వేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. విప్పి మళ్ళీ వేసి ఇచ్చాను. షాపులో ట్యూబ్‌లైట్ పాతదైంది, అంతకు మించి ఏం లేదు.

నువ్వు పోయినసారి ఇచ్చిన బ్లౌజు ముక్క కత్తిరించాను. చేతులు మోచేతి దాకా పెట్టమన్నావా, పైకా? గుర్తు లేదు. మోచేతి దాకానే పెడుతున్నాను, నీ వయసుకు అదే బాగుంటుంది.

కుక్కలను భీమేష్ దగ్గర వదలడం కుదరదు. ఆ మాట మళ్ళీ రాయకు.

అన్న,
సిద్దిరాములు

కామారెడ్డి,
18 నవంబర్ 2024

అన్నకు,

దండాలు. నా వయసు గురించి నువ్వు రాయనవసరం లేదు, నాకంటే నువ్వే పెద్ద.

చెయ్యి చాపి తలుపు చూపించిన మాట నిజం. ఎవరికి చూపించాను? కాలర్‌కు. కుక్కను బయటికి పొమ్మంటే తలుపు చూపించక కిటికీ చూపిస్తారా? సరిగ్గా అప్పుడే నువ్వు వచ్చి తలుపులో నిలబడ్డావు. నేను వెంటనే, "నిన్ను గాదన్నా, కుక్కలను అంటున్న" అని అరిచి చెప్పాను. నువ్వు తల ఊపావు. అర్థమైందనుకొని నేను టబ్బు కడగడానికి పోయాను. ఊపిన తలకు పొద్దున్నే పారిపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు.

నువ్వు మళ్ళీ వచ్చేలోపల తొట్టి సంగతి తేల్చాలని నా పాట్లు నేను పడ్డాను. ముందు తొట్టిని బట్టలుతికే రాయి మీద పెట్టాను, కుక్కకు అందకుండా. దొరసాని కింద నిలబడి రాయిని చూసింది, నన్ను చూసింది, కుంటుకుంటూ బియ్యం బస్తా వైపు బయలుదేరింది. మూడు కాళ్ళతో అది ఎట్లా ఎగురుతుంది, నాకు బుద్ధి లేదు. తర్వాత తొట్టి మీద గంప బోర్లించి ఒక పక్క ఇటుక పెట్టి సందు వదిలాను. అది గంప మీదికెక్కి నిద్రపోయింది.

అందుకే చెప్తున్నాను, నెల రోజులు ఆ కుక్కలను వదిలి రా. నువ్వు రాయొద్దన్నావు, నేను రాస్తున్నాను. భీమేష్‌కు ఫోన్ కూడా చేశాను. "రెండు కుక్కలకు ఇంత బువ్వ ఏసుడు నాకు బరువా అక్కా, మాస్టరే ఇడువడు" అన్నాడు. ఎందుకు విడువడు అంటే, "ఆయన్నే అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. కంటి చూపు కంటే కుక్కలు ఎక్కువా నీకు? నా కంటే ఎక్కువా? ఈ మాట రాస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని కూడా రాస్తున్నాను, నీకు తెలియాలి.

నీ ఉత్తరంలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ట్యూబ్‌లైట్ మీద నెట్టకు.

గంగామణి

ఎల్లారెడ్డి,
25 నవంబర్ 2024

చెల్లె గంగామణికి,

నువ్వు ఏడ్చానని రాయకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

నాకు సగం వినబడుతుందని నువ్వు అనుకుంటున్నావు. పోయిన ఏడాది వానాకాలం నుంచి అసలేమీ వినబడదు. ఉరుము కూడా వినబడదు. నువ్వు ఫోన్ చేస్తే జేబులో వణుకుతుంది. తీసి, నీ పేరు చూసి, కాసేపు చెవికి ఆనించుకొని, "సరే, సరే" అని పెట్టేస్తాను. సరే అనే మాట దేనికైనా సరిపోతుంది. అవతల నువ్వు మాట్లాడుతూ ఉంటావని నాకు తెలుసు. అది చాలనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెవిటి టైలర్ దగ్గరికి ఎవరు వస్తారు? మెడ ఇట్లా కావాలి, చేతులు అట్లా కావాలి అని ఆడవాళ్ళు చెప్తుంటే పెదవులు చూసి పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పెదవులు కూడా మసకగా ఉన్నాయి. నువ్వు "నిన్ను గాదన్నా" అన్నావని నీ ఉత్తరంలో చదివితే తెలిసింది. ఆ రోజు నా చెవిన ఏదీ పడలేదు. తల ఊపడం నాకు అలవాటైపోయింది.

షాపుకు ఎవరైనా వస్తే గుండీ వచ్చి నా మోకాలికి ముక్కు ఆనిస్తుంది. నేను తల ఎత్తి చూస్తే మనిషి నిలబడి ఉంటాడు. స్టవ్ మీద పాలు పొంగితే కాలర్ నా ధోతి పట్టి లాగుతాడు. రోడ్డు మీద నడుస్తుంటే వెనక నుంచి బండి వస్తున్నప్పుడు వాడు నా కాళ్ళకు అడ్డం నిలబడతాడు. నేను నేర్పిందేమీ లేదు. మెడ చుట్టూ తెల్ల మచ్చ ఉందని వాడికీ, గుండీ అంత ఉందని దానికీ పేర్లు పెట్టాను, ఇంత అన్నం పెట్టాను, అంతే. మీ వదిన పోయిన తర్వాత తలుపు తట్టింది ఎవరో నాకు చెప్పింది ఆ రెండే.

ఆపరేషన్ చేసి కంటికి కట్టు కడతారు. చెవులను ఎల్లారెడ్డిలో వదిలేసి, కట్టు కట్టుకొని నీ ఇంట్లో కూర్చుంటే నేను మూటలాగా పడి ఉంటాను. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో, నువ్వు ఉన్నావో లేవో కూడా తెలియదు. నాకు భయం చెల్లె. మర్యాద అని రాసింది అబద్ధం. భయం.

కుక్కలు నీకంటే ఎక్కువ కాదు.

సిద్దిరాములు

కామారెడ్డి,
29 నవంబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం చదివి ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

ఏడాదిన్నర నుంచి నేను ఫోన్లో చెప్పుకున్నవన్నీ ఎవరికి చెప్పుకున్నట్టు? దొరసాని కాలు తీసేసిన రోజు నీకు ఫోన్ చేసి ఎంత ఏడ్చానో. "సరే, సరే" అన్నావు. మా అన్న గుండె రాయి అయిపోయిందని అప్పుడు నలుగురితో అన్నాను కూడా. ఎల్లారెడ్డి ఏమన్నా సముద్రాల అవతల ఉందా? బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. ఒక్కసారి వచ్చి నీ షాపులో కూర్చొని చూసినా తెలిసిపోయేది. మూడు రోజులు నా ఇంట్లో ఉన్నా నీ తల ఊపుడు చూసి మోసపోయాను. నా మీద నాకే కోపంగా ఉంది. నీ మీద కూడా కొంచెం ఉంది, దాచినందుకు.

కుక్కలు రావాలి. నువ్వు ఎట్లాగో అవీ అట్లాగే. భీమేష్ పేరు ఇక ఎత్తను.

మిగిలింది తొట్టి ఒక్కటే. దొరసానిని ఎవరికైనా ఇచ్చేద్దామా అని ఒక నిమిషం అనుకున్నాను, నీ దగ్గర దాచను. మూడు కాళ్ళ పిల్లిని ఎవరు తీసుకుంటారు? తీసుకున్నా ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? అది కూడా నన్ను నమ్ముకొని ఉంది. దాన్ని పంపి నిన్ను తెచ్చుకుంటే నువ్వు ఆ మంచం మీద నిమ్మళంగా పడుకోలేవు, నాకు తెలుసు.

కాబట్టి మెట్ల కింద గూటికి చెక్క తలుపు పెట్టించి, అందులో పిల్లి మాత్రమే దూరేంత బొక్క పెట్టిద్దామని వడ్లాయన దేవరాజ్‌ను పిలిచాను. "పిల్లెంత, కుక్కెంత? కొలతల్లేకుంట నన్నేం కొయ్యమంటవక్కా" అన్నాడు. కొలతలు అనేసరికి నాకు నువ్వు గుర్తొచ్చావు. చెప్పు. ఎట్లా కొలవాలి, ఎంత కొయ్యాలి?

నీ చెల్లె,
గంగామణి

ఎల్లారెడ్డి,
3 డిసెంబర్ 2024

చెల్లె గంగామణికి,

దీవెనలు. ఉత్తరం చదివి రెండు చాయ్‌లు తాగాను. ఇన్నాళ్ళకు నాకు తెలిసిన పని ఒకటి అడిగావు.

పిల్లికి చుట్టుకొలత తీయకూడదు. బొచ్చు అబద్ధం చెప్తుంది. తిని పడుకున్నప్పుడు టేపు మెల్లగా వీపు మీద పెట్టి, ఈ భుజం నుంచి ఆ భుజానికి వెడల్పు చూడు. నాలుగు అంగుళాలకు మించదు. కుక్కలో తల చూడకూడదు, ఛాతీ చూడాలి. తల ఎక్కడైనా దూరుతుంది, ఛాతీ దగ్గరే ఆగుతుంది. గుండీని టేపు పెట్టి కొలిచాను, ఎనిమిది వచ్చింది. కాలర్‌ది కొలిచే పని లేదు, వాడు దున్నపోతు. కాబట్టి బొక్క వెడల్పు ఏడు, ఎత్తు ఏడు పెట్టమను. అంచులు ఉప్పు కాగితంతో రుద్దమను, దొరసాని వీపు గీసుకోకుండా.

ఇంకొక సంగతి మరచిపోకు. కాలర్‌గాడి ఛాతీ పట్టకపోయినా మూతి పడుతుంది. వాడి మూతి జానెడు. కాబట్టి తొట్టిని బొక్క దగ్గర పెట్టకు, మూరెడు లోపలికి జరుపు. గాలి మాత్రమే నాకి వెనక్కి వస్తాడు.

తలుపు కుదిరితే వస్తాను. కుదిరింది అని నువ్వు రాసిన రోజే ట్రాలీ మాట్లాడుకుంటాను. కుదరకపోతే రాను గంగామణి, ఇది కోపంతో కాదు. నీ ఇంట్లో మళ్ళీ ఆ గలీజు నా వల్ల జరగకూడదు. నువ్వు నా కళ్ళలో చుక్కలు వేస్తూ, నా కుక్కల వెనక ఇల్లు కడుగుతూ ఉంటే నేను చూడలేను.

నీ బ్లౌజు అయిపోయింది. వచ్చేటప్పుడు తెస్తాను, వస్తే.

అన్న,
సిద్దిరాములు

కామారెడ్డి,
8 డిసెంబర్ 2024

అన్నకు,

దండాలు. నీ పిల్లిజోస్యం నిజమే, దొరసాని భుజాలు నాలుగే వచ్చాయి. టేపు తీసేలోపల నా చేతి మీద గీతలు కూడా వచ్చాయి.

దేవరాజ్ తలుపు చేసి బిగించాడు. నువ్వు చెప్పినట్టే ఏడుకు ఏడు కోసి, అంచులు అద్దంలాగా రుద్దాడు. దొరసాని వచ్చి బొక్క వాసన చూసి, ఒక కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి లోపలికి పోయి పని ముగించుకొని వచ్చింది. నేను, దేవరాజ్, వంశీ ముగ్గురం పెళ్ళిలో నిలబడ్డట్టు నిలబడి చూశాం. వంశీ దగ్గర ఒక కుక్క ఉంది, గుండీ అంతే ఉంటుంది. పరీక్షకు దాన్ని తెమ్మన్నాను. అది రెండో ఆలోచన లేకుండా తోకతో సహా లోపలికి పోయి దావత్ చేసుకుంది.

నాకు అప్పుడు అర్థమైంది నువ్వు ఏం చేశావో. లూజు పెట్టావు. ఎవరికి ఏది కుట్టినా, "రేపు ఒళ్ళు జేస్తే?" అని రెండు అంగుళాలు ఎక్కువ వదిలిపెట్టే నీ చెయ్యి, చెక్క బొక్కకు కూడా లూజు వదిలింది. నా పెళ్ళి బ్లౌజుకు కూడా అట్లాగే వదిలితే, నేను పిన్నీసులు పెట్టుకొని పీటల మీద కూర్చున్నాను. దేవరాజ్ అయితే నవ్వి నవ్వి, "టైలర్ కొలతకు వడ్లాయన కోస్తే గిట్లనే అయితది" అన్నాడు.

నవ్వులాటకు రాశాను, మనసుకు తీసుకోకు. చుట్టూ పట్టీలు కొడితే బొక్క చిన్నదవుతుందట. లూజు లేకుండా అసలు కొలత పంపు. గుండీది మళ్ళీ కొలువు. ఎనిమిది అన్నావు, వంశీ కుక్కది చూస్తే ఆరు కూడా లేదు. ఆపరేషన్ దగ్గరికొచ్చింది, ఆలస్యం చేయకు.

గంగామణి

ఎల్లారెడ్డి,
11 డిసెంబర్ 2024

గంగామణికి,

నీ ఉత్తరం పట్టుకొని పొద్దున్నుంచి షాపు ముందర ఎండలో కూర్చున్నాను. ముందు సగం చదివాను. దావత్ దాకా వచ్చాను. తర్వాత అక్షరాలు చీమలు పారినట్టు ఉన్నాయి. సాయంత్రానికి ఒక్కొక్క మాట కూడబలుక్కొని లూజు అని నువ్వు తిట్టింది దాటి చివరిదాకా చేరాను.

మధ్యలో భీమేష్‌ను పిలిచి చదవమని ఇవ్వబోయాను. చెయ్యి అట్లాగే ఆగిపోయింది. వాడు చదివితే నాకు ఎట్లా వినబడుతుంది? అప్పటిదాకా కళ్ళు పోతే మిషన్ పోతుంది, షాపు పోతుంది అనుకున్నాను. నీ ఉత్తరం కూడా పోతుందని నాకు తట్టలేదు. నువ్వు ఫోన్ చేసినా అందదు, రాసినా అందదు. ఇక నువ్వు నాతో ఏ దారిన మాట్లాడతావు చెల్లె?

గుండీని టేపు పెట్టి కొలిచానని రాశాను. టేపు పెట్టిన మాట నిజం. అంకెలు కనబడలేదు. అంచనాకు ఎనిమిది వేశాను. లూజు కూడా పెట్టాను. కుక్క దూరుతుందన్న ఆలోచన రాలేదు, పిల్లికి ఇరుకవుతుందని పెట్టాను. ఇప్పుడు జానతో కొలిచాను. జానకు నాలుగు వేళ్ళు తక్కువ ఉంది. నా జాన ఎంతో నీకు తెలుసు.

తలుపు కుదరలేదు. నాకు రావాలని ఉంది. ఏం చేయమంటావో రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

సిద్దిరాములు

కామారెడ్డి,
13 డిసెంబర్ 2024

అన్నా,

రా.

కాలర్‌తో రా.

గుండీతో రా.

పట్టీలు కొట్టించాను.

కుదిరినా రా.

కుదరకపోయినా రా.

ఇల్లు కడుక్కుంటాను.

గంగామణి

కామారెడ్డి,
18 జనవరి 2025

చెల్లె గంగామణికి,

దీవెనలు. నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చొని, నా ఊళ్ళో ఉన్న నీకు ఉత్తరం రాస్తున్నాను. ఇట్లాంటి రోజు వస్తుందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. పెళ్ళి బట్టల వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, "నువ్వు దుమ్ములోకి పోవద్దు, నేనే పోయి ఎవరివి వాళ్ళకిచ్చి వస్తాను" అని కాగితం మీద రాసి పెట్టి, షాపు తాళాలు తీసుకొని బయలుదేరావు. ఎవరి బట్టలు ఏ అరలో ఉన్నాయో తెలియకపోతే భీమేష్‌ను అడుగు.

ఇక్కడి సంగతులు. చుక్కలు వేళకు వేసుకుంటున్నాను. వంశీ వాళ్ళమ్మ పొద్దున రొట్టెలు ఇచ్చింది. వరుసలు చూడు, ఎక్కడైనా ఒకదాని మీద ఒకటి ఎక్కాయా? ఎడమ కన్ను ఒక్కదానితోనే రాస్తున్నాను. కుడిదానికి మార్చిలో చేస్తానన్నాడు కదా.

తొట్టి సంగతి చెప్తే నువ్వు నమ్మవు. పట్టీలు కొట్టిన బొక్కలో గుండీ చెవుల దాకా తల పెట్టి, వెనక్కి లాగలేక కాళ్ళు కొట్టుకుంటుంటే నేనే సబ్బు నీళ్ళు రాసి బయటికి తీశాను. ఆ తర్వాత అటు పోవడం మానేసింది. నిన్న మధ్యాహ్నం వచ్చి మోకాలికి ముక్కు ఆనించింది. ఎవరో వచ్చారని లేచి తలుపు తీస్తే ఎవరూ లేరు. మళ్ళీ ఆనించింది. దాని వెనకే పోతే మెట్ల దగ్గరికి తీసుకుపోయి కూర్చుంది. అప్పుడే దొరసాని లోపలి నుంచి వస్తున్నది. లోపల ఇసుక గోకిన చప్పుడు దీనికి వినబడింది, వచ్చి నాకు చెప్పింది. అప్పటి నుంచి పిల్లి పోయిన ప్రతిసారీ వచ్చి చెప్తున్నది, నేను పోయి గరిటెతో తీస్తున్నాను. తీసిన తొట్టిలో కాలర్‌గాడికి దొరికేదేమీ లేదు. దొరసాని బియ్యం బస్తా వైపు పోవడం లేదు.

ఇప్పుడు ఒక మాట. నీ ముందర కాగితం పెట్టి రాయొచ్చు, కానీ నువ్వు చదువుతుంటే నీ ముఖం చూడాల్సి వస్తుంది. అందుకే పోస్టులో వేస్తున్నాను.

కట్టు విప్పినప్పుడు ముందుగా కనబడింది నీ ముఖమే. నువ్వు ఏదో మాట్లాడుతున్నావు. నీ జుట్టు అంత నెరిసిపోయిందని నాకు తెలియదు. పొర వెనక నుంచి చూసినన్నాళ్ళూ నువ్వు బాపు పోయినప్పటి వయసులోనే ఉన్నావు నాకు. నవంబర్‌లో తలుపు దగ్గర నేను చూసింది కూడా కోపం కాదేమో. అసహ్యమో, కంగారో అయి ఉంటుంది. అది పోల్చుకునే చూపు నాకు అప్పుడు లేదు. లేని కోపాన్ని పట్టుకొని ట్రాలీ ఎక్కిపోయాను.

నాకు ఎల్లారెడ్డికి తిరిగి పోవాలని లేదు. ఇక్కడ నువ్వు పోయిన రెండో రోజుకే ఇల్లు బోసిగా ఉంది. వినబడని వాడికి కూడా తెలుస్తుంది. ముందర గదిలో కిటికీ కింద మిషన్ పట్టేంత చోటు ఉంది. వెలుతురు బాగా వస్తుంది. ఈ గల్లీలో టైలర్ లేడట, వంశీ రాసి చూపించాడు. చెల్లె ఇంట్లో అన్న ఉండడం ఏంటని నలుగురు అంటారు. నువ్వు కూడా అనుకుంటే అనుకో, నేను బాధపడను. అబద్ధం, బాధపడతాను. కానీ పోతాను. నీ మనసులో ఏముందో దాచకుండా రాయి.

అన్న,
సిద్దిరాములు

ఎల్లారెడ్డి,
21 జనవరి 2025

అన్నకు,

దండాలు. నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం భీమేష్ హోటల్లో కూర్చొని చదివాను. ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. భీమేష్ ఏమీ అడగకుండా చాయ్ తెచ్చి పెట్టి, రాసుకోవడానికి కాగితం కూడా ఇచ్చాడు.

నవ్వు ఎందుకంటే, నీ మిషన్ ఇవాళ పొద్దున్నే ట్రాలీ ఎక్కించేశాను. ఈ ఉత్తరం కంటే ముందు అదే చేరుతుంది నీ దగ్గరికి. కత్తెరలు, ఇస్త్రీ పెట్టె, గోడకున్న వదిన ఫోటో కూడా దాంట్లోనే వేశాను. ఫోటోను చీరల మధ్య పెట్టాను, జాగ్రత్తగా తియ్యి. షాపు గది ఖాళీ చేసి ఓనర్‌కు తాళాలు ఇచ్చేశాను.

నిన్ను అడగలేదు. అడగాలనే డిసెంబర్ నుంచి అనుకుంటున్నాను. నువ్వు చుక్కలు వేయించుకొని కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఎదురుగా కూర్చొని అడిగాను కూడా, నీకు వినబడదని తెలిసే. కాగితం మీద రాయడానికి ధైర్యం చాలలేదు. "మర్యాద కాదు" అని నువ్వు వెంటనే రాసిస్తావని భయపడ్డాను. అందుకే బట్టలు ఇచ్చే నెపంతో వచ్చి, నువ్వు ఏమనుకున్నా సరే అని మిషన్ ఎత్తించాను. దారి పొడవునా నువ్వు తిడతావనే అనుకుంటూ వచ్చాను.

నలుగురి సంగతి నాకు వదిలెయ్యి. వాళ్ళకు వినబడేట్టు నేను చెప్తాను.

ఇంకా ఇద్దరి బట్టలు ఇవ్వాల్సి ఉంది, అప్పటిదాకా భీమేష్ వాళ్ళింట్లో ఉండి, శుక్రవారం పొద్దున బస్సుకు ఇంటికి వస్తున్నాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టు, కూర నేను వచ్చి చేస్తాను.

నీ చెల్లె,
గంగామణి